పేపర్లున్నాయి, పరిష్కారం లేదు: విశ్వవిద్యాలయంలో ఎక్కడ మార్చాలి?

ప్రశ్న ఇది: నీళ్లు, వాతావరణ మార్పు, నిరుద్యోగం మీద విశ్వవిద్యాలయాలు ఏటా పేపర్లు కుప్పలు పోస్తున్నాయి, సమస్యలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. విశ్వవిద్యాలయం జ్ఞానం పోగుచేయడంతో ఆగకుండా వివేకాన్ని లక్ష్యంగా పెట్టుకోవాలంటున్నారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఇది జరిగే పనేనా? అయితే ఎక్కడ మొదలుపెట్టాలి?

జరిగే పనే. వివేకం పేరుతో కొత్త కేంద్రం పెట్టి బోర్డు కడితే మాత్రం జరగదు. పని వరుస మార్చాలి, లెక్కకొచ్చేదేమిటో మార్చాలి. రెండోది కష్టం, మొదటిది రేపు ఉదయం మొదలుపెట్టుకోవచ్చు.

ఈ వాదనను వివరంగా ముందుకు తెచ్చినవారు లండన్ యూనివర్సిటీ కాలేజీలో సైన్సు తత్వశాస్త్రం బోధించిన నికొలస్ మాక్స్‌వెల్. 1984 నుంచి ఆయన చెబుతూ వచ్చిందాని సారం ఇది. ఏ సమస్యనైనా తెలివిగా విప్పాలంటే నాలుగు పనులుంటాయి. సమస్యేమిటో స్పష్టంగా చెప్పుకుని, ఆ చెప్పుకోవడాన్ని మెరుగుపరుచుకుంటూ పోవాలి. చేయగలిగిన పనులన్నీ ముందు పెట్టుకుని విమర్శించి చూడాలి. అవసరమైతే పెద్ద సమస్యను చిన్న ముక్కలు చేసుకోవాలి. ఆ ముక్కల్లో దొరికిన జవాబులను మళ్లీ పెద్ద సమస్యతో కలపాలి. విశ్వవిద్యాలయాలు మూడోదాన్ని అద్భుతంగా చేస్తాయి, మిగతా మూడింటినీ వదిలేస్తాయి. డిపార్ట్‌మెంట్ అంటేనే ఒక ముక్క కదా! ముక్క ఎవరికైనా ఇస్తారు, కలిపే బాధ్యత ఎవరి ఉద్యోగంలోనూ రాసి ఉండదు.

దీన్ని మన నేల మీద చూడాలంటే నల్గొండ ఫ్లోరైడ్ కంటే మంచి ఉదాహరణ లేదు. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఊళ్లకు ఊళ్లు ఎముకల జబ్బు పడుతున్న సంగతి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి 1937లోనే వైద్య పత్రికకెక్కింది. నల్గొండ జిల్లా మీద 1955లో బ్రిటిష్ వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో రాశారు. 1970ల్లోనే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే విధానం తయారుచేసింది. దాని పేరే నల్గొండ విధానం. జ్ఞానానికి కొరతేం లేదన్నమాట.

మరి అది ఊళ్లలో ఎందుకు నిలబడలేదు? పటిక ఎంత వేయాలో నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. సున్నం పటికలో ఇరవయ్యో వంతో, ఇరవై ఐదో వంతో చాలు. ఎక్కువైనా తక్కువైనా లెక్క తప్పుతుంది. కలిపి, తేర్చి, వడపోసే పని రోజూ ఎవరో ఒకరు చేయాలి. అడుగున దిగిన మడ్డిలో ఫ్లోరైడ్ ఉంటుంది, దాన్ని బోరు పక్కనే పారబోస్తే కథ మొదటికొస్తుంది. నీటి రుచి మారుతుంది, అల్యూమినియం మిగలకుండా చూసుకోవాలి. ఆ రోజువారీ మనిషి ఎవరు, అతని జీతం ఎవరిస్తారు, మడ్డి ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నలు ఏ రసాయనశాస్త్ర విభాగం సిలబస్‌లోనూ ఉండవు. అందరూ "ఈ నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడం ఎలా" అని అడిగారు. "ఈ ఊరు ఏ నీళ్లు తాగాలి" అనేది వేరే ప్రశ్న. చివరికి పెద్ద మార్పు తెచ్చింది ఆ రెండో ప్రశ్నే. కృష్ణా నీళ్లు దశలవారీగా జిల్లాలోకి రావడం, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో ఇంటింటి కుళాయికి చేరడం అలా జరిగినవే. దాని వెనుక ఏళ్ల తరబడి బాధితుల ఉద్యమం ఉంది, ప్రభుత్వ నిర్ణయం ఉంది. ఇందులో విశ్వవిద్యాలయాలు చేసినది పెద్దగా లేదనే అంటాను.

ఇక లెక్కకొచ్చేదాని సంగతి. అధ్యాపకులు చెడ్డవాళ్లై ఇలా జరగడం లేదు. 2018 యూజీసీ నిబంధనల్లో పరిశోధన స్కోరు పట్టిక ఒకసారి చదవండి. సైన్సు అధ్యాపకుడికి ఒక పేపరుకు 8 పాయింట్లు, భాషలు, సామాజిక శాస్త్రాల వారికి 10. రాష్ట్ర ప్రభుత్వానికి సమర్పించిన విధాన పత్రానికి 4. ముగ్గురు అంతకు మించి కలిసి రాస్తే ప్రధాన రచయితకు 70 శాతం, మిగతావారికి తలా 30 శాతం. అంటే పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (దానిలోని వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉదహరిస్తారన్న కొలతను) బట్టి వచ్చే అదనాలు పక్కన పెడితే, భూగర్భశాస్త్రం, వైద్యం, ఆర్థికశాస్త్రం, సోషల్ వర్క్ కలిసి రాసిన పేపరులో ప్రధాన రచయిత కాని సైన్సు అధ్యాపకుడికి దక్కేది 2.4. అదే మనిషి ఒంటరిగా రాసుకుంటే 8. కలిసి పనిచేయొద్దని ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలి! జాతీయ ర్యాంకింగుల్లోనూ పరిశోధనకు 30 శాతం బరువుంది. 'ఔట్‌రీచ్' పేరుతో 10 శాతం ఉంది కదా అనుకుంటారు. దానిలో చూసేది ఇతర రాష్ట్రాల విద్యార్థులు, మహిళలు, వెనుకబడిన వర్గాలు, దివ్యాంగుల సౌకర్యాలు. అవి అవసరమే, కాదనను. అయితే పక్క ఊరి నీళ్ల సమస్య మీద పదేళ్లు పనిచేసినా దానిలో ఒక్క మార్కు పెరగదు.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా పాయింట్ల బదులు 'గుర్తించదగిన కృషి' జాబితా పెట్టి, సమాజంతో కలిసి చేసే పనిని కూడా అందులో చేర్చింది. దిశ మంచిదే. అయినా ముసాయిదాను నమ్ముకుని పథకం వేయకండి. ఉన్న నిబంధనల్లోనే నడిచేలా వేసుకోండి.

ఇప్పుడు పని. ఒక జిల్లా, ఒక సమస్య, ఎనిమిది ఊళ్లు, ఐదేళ్లు. ఇంతకు మించి మొదట ఎత్తుకోవద్దు. "వాతావరణ మార్పు" సమస్య కాదు, అధ్యాయం పేరు. "డెల్టా చివరి భూముల్లో బోర్లు ఉప్పెక్కుతున్నాయి" అనేది సమస్య. ఎంపికకు మూడు పరీక్షలు చాలు: బాధపడేవారిని పేరు పెట్టి పిలవగలగాలి, దాని మీద నిర్ణయం తీసుకోగల అధికారి జిల్లాలోనే ఉండాలి, కనీసం మూడు విభాగాలకు అందులో పని ఉండాలి. రెండోది లేకపోతే మీ నివేదిక బీరువాలోకి పోతుంది.

మొదటి మూడు నెలలు ఒక్క ప్రాజెక్టు కూడా మంజూరు చేయొద్దు. అందరికీ చిరాకు పుట్టించే నిబంధన ఇదే, కానీ మొత్తం సంస్కరణ దీని మీదే నిలబడుతుంది. ఆ మూడు నెలల్లో చేయాల్సింది రెండు పేజీల సమస్యా పత్రం, తెలుగులో. ఎవరికి, ఎప్పటి నుంచి, ఎంత నష్టం? ఇంతకుముందు ఏం ప్రయత్నించారు, అది ఎందుకు ఆగింది? ఎవరు నిర్ణయించగలరు? మనకు నిజంగా తెలియనిదేమిటి? ఆశా కార్యకర్త, డ్వాక్రా సంఘం లీడరు, గ్రామీణ నీటి సరఫరా అసిస్టెంట్ ఇంజినీరు, వాటర్‌మన్, సర్పంచ్, బడి హెడ్‌మాస్టర్, ఊరికి ఆరుగురితో విడివిడిగా మాట్లాడితే అసలు విషయం బయటకొస్తుంది. అందరినీ ఒకచోట కూర్చోబెడితే పెద్దమనిషి మాట్లాడతాడు, మిగతావాళ్లు తలూపుతారు. "ఎందుకు ఆగింది" అన్న గడి ఖాళీగా ఉంటే పత్రం వెనక్కి పంపండి. పాత పథకాల శవాలు ఆ గడిలోనే దొరుకుతాయి. పూర్తయ్యాక గ్రామసభలో చదివి వినిపించాలి, అభ్యంతరాలు రాసుకోవాలి, ఏటా తిరగరాయాలి.

ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు ఒకటుంది. ప్రతి విభాగం తన దగ్గరున్న యంత్రాన్ని బట్టి సమస్యను నిర్వచిస్తుంది. రసాయనశాస్త్రం వారికి వడపోత, కంప్యూటర్ వారికి యాప్, సామాజిక శాస్త్రాల వారికి 'అవగాహన స్థాయి సర్వే'. అందుకని పత్రం రాసే బృందానికి నాయకుడిగా ఆ సమస్యలో సొంత పరికరం లేని విభాగం మనిషిని పెట్టండి. చరిత్రో, తెలుగో అయితే మరీ మంచిది. తెలుగు శాఖ వారు రాస్తే ఊరివాళ్లకు అర్థమయ్యే పత్రమైనా మిగులుతుంది.

తర్వాత నెలలో ప్రత్యామ్నాయాల పట్టిక. కనీసం నాలుగు మార్గాలుండాలి. ఒకటి 'ఏమీ చేయకపోతే', మరొకటి సాంకేతికత లేనిది. ప్రతిదానికీ పదేళ్ల ఖర్చు వేయాలి. కొనేటప్పటి ధర ఒక్కటే వేస్తే ఊరూరా మూలనపడిన ఆర్‌ఓ ప్లాంట్ల జాబితా ఇంకొంచెం పొడుగవుతుంది. రోజూ ఎవరు నడుపుతారు, ముందుగా ఏది చెడిపోతుంది, దీనివల్ల నష్టపోయేదెవరు అన్న గడులు తప్పనిసరి. నష్టపోయేవాళ్లు లేని మార్గం కనిపించిందంటే ఇంకా సరిగా వెతకలేదనే అర్థం.

అప్పుడు ముక్కలు చేయండి. ఒక ముక్క అంటే ఒక ఎమ్మెస్సీ లేదా ఎంఏ విద్యార్థి ఒక సెమిస్టర్లో, అంటే 16 వారాల్లో ముగించగలిగినంత. నల్గొండ లాంటి జిల్లాలో ఇప్పుడు మిగిలిన ప్రశ్నల్ని తీసుకుందాం. కుళాయి వచ్చిన ఇంట్లో నిజంగా ఏ నీళ్లు తాగుతున్నారు? వంట దేనితో? బోరు నీటితో పండిన పంట ద్వారా ఎంత చేరుతోంది? చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయిందని పోషకాహార సంస్థ పరిశోధకులు చూపారు. మధ్యాహ్న భోజనం పప్పుచారుకు అది ఏమైనా చెబుతుందా? ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్లకు ఇప్పుడు కావలసింది నీళ్లా, పింఛనా, ఫిజియోథెరపీయా? చివరి ప్రశ్న ఎవరూ తీసుకోరు, అందులో పేపరు రాదనుకుంటారు. దాన్నే ముందు కేటాయించండి.

కొలతల దగ్గర జాగ్రత్తలు కొన్ని చెప్పాలి, ఎందుకంటే వివేకం పేరుతో కొలతలు సడలిస్తే మొదటి సమావేశంలోనే ఇంజినీరు మిమ్మల్ని కొట్టిపారేస్తాడు, కొట్టిపారేయాలి కూడా. నమూనా బోరు దగ్గరే కాదు, ఇంట్లో బిందెలోంచీ తీయాలి. ఊరికి 25 ఇళ్లు, 8 ఊళ్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి: ఏడాదికి 400. సరిచూసుకోవడానికి ప్రతి పదింటికి ఒక జంట నమూనా అదనం, మొత్తం 440. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరిపే అవకాశం ఉంది. పాలిథీన్ సీసాలే వాడాలి. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలపడం మరిచిపోతే అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్ లెక్కలోకి రాదు. పటికతో శుద్ధి చేసిన నీటిని స్పాడ్న్స్ (SPADNS) అనే రంగు పద్ధతిలో నేరుగా కొలిస్తే మిగిలిన అల్యూమినియం వల్ల అసలుకంటే తక్కువ వస్తుంది. పనిచేయని శుద్ధి కూడా పనిచేసినట్టు కనిపించేది ఇలాంటి చోటే. భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5. 1.4 వచ్చిన ఊరిని 'సురక్షితం' అని రాసేముందు ఆ రెండు అంకెలకూ తేడా ఏమిటో విద్యార్థి చేత చెప్పించండి. మూత్రం నమూనాలు తీస్తే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పదు. అందుకు రెండు మూడు నెలలు పడుతుందని ముందే సెమిస్టర్ క్యాలెండర్లో వేసుకోవాలి.

నాలుగో పని, కలపడం. దీనికోసం నెలకో సమావేశం, రెండు గంటలు, ఒక్కొక్కరికి ఒక్క పేజీ. "ఏం చేశారు" అని అడగకండి. "మీకు దొరికినదానితో సమస్యా పత్రంలో ఏ వాక్యం మారాలి?" అని అడగండి. ఆరు నెలలుగా ఒక్క వాక్యమూ మారలేదంటే అక్కడ ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నట్టే.

ఖర్చు చెప్పకుండా ఇలాంటి సలహాలు ఇవ్వడం అన్యాయం. సమన్వయకర్త నెలకు 50 వేలు, డేటా చూసే మనిషి 35 వేలు, ఇద్దరు క్షేత్ర పరిశోధకులు తలా 25 వేలు. ఏడాదికి జీతాలే 16.2 లక్షలు. ప్రయాణాలకు 3, ల్యాబ్ సామగ్రికి 3 వేస్తే 22.2 లక్షలు. భవనం వద్దు. ఫర్నిచర్ వద్దు. డేటా మనిషిని తీసేసి ఆ డబ్బు మిగిల్చే ప్రయత్నం తప్పకుండా జరుగుతుంది. అతను లేకపోతే మూడో ఏడాదికి మొదటి ఏడాది నమూనాలు ఏ ఇంటివో ఎవరికీ తెలియదు. ఏటా కొత్త బ్యాచ్ అదే ఊరికి వెళ్లి అవే ప్రశ్నలు అడిగితే ఊరివాళ్లు తలుపులు వేసేస్తారు.

"ఎన్ఎస్ఎస్ ఉంది, ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఐదు ఊళ్లు దత్తత తీసుకున్నాం, ఆంధ్రప్రదేశ్ డిగ్రీల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా పెట్టారు, ఇంకేం?" అంటారు. నిజమే. ఎన్ఎస్ఎస్ 1969 నుంచి ఉంది. కానీ అక్కడ విద్యార్థి ఏడు రోజుల క్యాంపు చేసి, రోడ్డు ఊడ్చి, మొక్క నాటి వచ్చేస్తాడు. ఊరి నుంచి ప్రశ్న క్లాసుకు రాదు. ప్రశ్న లేని సేవ అది. అలాగని వాటిని పారేయక్కర్లేదు. ఆ గంటలనూ క్రెడిట్లనూ ఈ ఎనిమిది ఊళ్లకు మళ్లిస్తే సర్వే బలం ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో కూర్చుని ఫారాలు నింపడాన్ని ఆపాలంటే ప్రతి బ్యాచ్ ఫారాల్లో ఇరవయ్యో వంతు ఇళ్లకు రెండోసారి వేరే మనిషిని పంపండి, ఆ సంగతి ముందే చెప్పండి.

మన దగ్గరే ఉన్న మంచి నమూనా వ్యవసాయ విశ్వవిద్యాలయాలది. 1964లో పుట్టినప్పటి నుంచీ బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయి. సీజనుకు ముందు జరిగే జోనల్ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాల్లో వ్యవసాయ శాఖ వారు పొలంలో ఏం విఫలమైందో చెబుతారు, శాస్త్రవేత్తలు దాన్ని వచ్చే సీజను పరీక్షల్లో పెట్టాలి. సాంబ మసూరి, స్వర్ణ లాంటి వరి రకాలు ఈ వ్యవస్థలోంచి వచ్చినవే. జనరల్ యూనివర్సిటీలకు ఇలాంటి మండలి ఏదీ లేదు. ఆ వ్యవస్థకూ లోటుంది. "ఏ వరి రకం" అని బాగా అడుగుతుంది, "ఈ నేలలో ఈ నీళ్లతో వరే ఎందుకు" అని అడగదు. నాలుగు పనుల్లో మొదటిది, సమస్యేమిటో చెప్పుకోవడం, అక్కడా సగమే.

బయట దేశాల్లో చూడదగ్గవి రెండే చెబుతాను. నెదర్లాండ్స్‌లో 1970ల్లో మొదలైన 'సైన్స్ షాపులు': స్థానిక సంఘం ప్రశ్న తెస్తుంది, విశ్వవిద్యాలయం దాన్ని విద్యార్థి థీసిస్‌గా మారుస్తుంది. చవక, వెంటనే చేయదగ్గది. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం 1974 నుంచీ సెమిస్టర్లో దాదాపు సగం బృంద ప్రాజెక్టుకే ఇస్తుంది. మన అనుబంధ కాలేజీల పరీక్షల వ్యవస్థలో అది కుదరదు, క్యాంపస్ పీజీల్లో మాత్రం ఒక సెమిస్టర్ వరకు కుదురుతుంది. బ్రిటన్ పరిశోధన మూల్యాంకనంలో సామాజిక ప్రభావానికి 2014లో 20, 2021లో 25 శాతం బరువిచ్చారు. దాన్ని కాపీ కొట్టాలని తొందరపడకండి. ప్రభావాన్ని కథలుగా అందంగా రాసిపెట్టే పని అక్కడ దానికదే ఒక ఉద్యోగమైపోయింది.

మూల సైన్సును చంపేస్తారా అన్న భయం న్యాయమైనదే. అందుకే వాటా ముందే రాసుకోండి: పీజీ డిసర్టేషన్లలో 15 శాతానికి మించి ఇందులోకి రాకూడదు, ఎవరినీ బలవంతం చేయకూడదు. ఇంకో జాగ్రత్త, జిల్లా యంత్రాంగానికి నచ్చని ఫలితం కూడా ప్రచురించే హక్కు ఒప్పందంలో ఉండాలి. లేకపోతే మీరు కలెక్టరేట్‌కు కన్సల్టెన్సీ అయిపోతారు.

పాయింట్ల సంగతి ఎలా అంటే, కలెక్టర్ నుంచి లిఖితపూర్వక అభ్యర్థన తీసుకుని నివేదికను రాష్ట్ర శాఖకు అధికారికంగా సమర్పిస్తే ఆ 4 పాయింట్లు అడగడానికి ఆధారం ఉంటుంది. పేపర్లలో ప్రధాన రచయిత స్థానం వంతులవారీగా తిప్పండి, ఆ వరుస మొదటి నెలలోనే కాగితం మీద పెట్టండి. గెస్ట్, కాంట్రాక్టు అధ్యాపకులే ఈ పనిలో ఎక్కువ తిరుగుతారు, పేరు రెగ్యులర్ వారిది వస్తుంది. ఈ ప్రయత్నాలు లోపలి నుంచి విరిగేది ఎక్కువగా ఇక్కడే.

వీసీ పదవీకాలం మూడేళ్లు, మీ పథకం ఐదేళ్లు. వీసీ సర్క్యులర్‌తో మొదలైంది వీసీతోనే పోతుంది. అందుకే బోర్డ్ ఆఫ్ స్టడీస్ నుంచి అకడమిక్ కౌన్సిల్‌కు, అక్కడి నుంచి పాలకమండలికి తీసుకెళ్లి తీర్మానంగా నమోదు చేయించాలి. కలెక్టరూ ఈలోపు మారతారు. కొత్తగా వచ్చినవారి బల్ల మీద మొదటి వారంలోనే పెట్టాల్సింది ఆ రెండు పేజీల తెలుగు పత్రం, తాజాగా తిరగరాసింది. నలభై స్లైడ్ల ప్రజెంటేషన్ పెడితే చూడరు.

చిన్న జిల్లాకే పరిమితమైతే ప్రపంచ సమస్యల మాటేమిటి అంటే, ఫ్లోరైడ్ నీళ్లు తూర్పు ఆఫ్రికాలోనూ ఉన్నాయి. నల్గొండ విధానాన్ని టాంజానియా, ఇథియోపియాల్లో వాడి చూశారు. పటిక, సున్నం కొలతలు అక్కడికి చేరాయి. రోజూ కలిపే మనిషి ఎవరు, మడ్డి ఎక్కడ పోయాలి, ఏ ఊళ్లో ఎన్నో నెలలో ఆపేశారు, ఎందుకు అన్నది కూడా ఇక్కడివాళ్లే పద్ధతిగా రాసి ఉంటే అదీ వాటితోపాటే చేరేది. మీ ఎనిమిది ఊళ్ల నుంచి ఏటా వెలువడే నివేదికలో 'ఆగిపోయినవి' అన్న అధ్యాయం మొదట పెట్టండి, 'సాధించినవి' తర్వాత.